వాడ పిల్లవాడు, మందుల చీటీ

తరగతిలో కుదురుగా కూర్చోడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. బడి గంట మోగితే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తుతాడు. ఇలాంటి పిల్లవాడు ఊళ్లో పుడితే "పాపం, ఏదో సమస్య ఉన్నట్టుంది, పెద్ద డాక్టరుకి చూపించండి" అంటారు. మాదిగవాడలో పుడితే "వీళ్ల పిల్లలింతే, ఇంట్లో అదుపుంటే గదా" అంటారు. లక్షణాలు అవే. మారిందల్లా ఇల్లున్న చోటు. మా పిల్లవాడికి మూడేళ్ల వయసులో మాకు కనిపించిన తేడాకి ఏడో ఏట గాని పేరు దొరకలేదు. ఆ నాలుగేళ్లూ వాడు అల్లరి పిల్లవాడు, మేము పెంచడం చేతగాని వాళ్లం.

మేము డాక్టర్లం కాదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్న పిల్లవాడికి తల్లిదండ్రులం. వాడికి ఇప్పటికి మూడు మందులు మారాయి. మాలో ఒకరు బడిపంతులు కాబట్టి మందు పెట్టెలో ఇంగ్లీషులో ఉండే కాగితం చదవగలిగాం, డాక్టరుని ఎదురు ప్రశ్న అడగగలిగాం. వాడలో అందరికీ ఆ వీలు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఇందులో మందుల పేర్లుంటాయి గాని ఎవరికి ఎంత ఇవ్వాలో ఉండదు. అది పిల్లవాణ్ని చూసిన డాక్టరు చెప్పాల్సిన మాట.

రెండు పేర్లు, ఒకే పిల్లవాడు

ఆటిజం ఉన్న పిల్లలకి ఎదుటి మనిషితో మాట, చూపు, ఆట కలపడం కష్టం. శబ్దం, వెలుగు, తాకిడి కొందరికి భరించలేనంతగా తగులుతాయి. రోజూ జరిగే పద్ధతి మారితే తట్టుకోలేరు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి ధ్యాస ఒకచోట నిలవదు, కదలిక ఆగదు, చేసే ముందు ఒక్క క్షణం ఆగడం వాళ్ల చేతిలో ఉండదు. రెండూ మెదడు ఎదుగుదలలో వచ్చే తేడాలే. పెంపకం వల్ల రావు, టీకాల వల్ల రావు, దిష్టి తగిలి రావు. రెండూ ఒకే పిల్లవాడిలో ఉండడం అరుదేమీ కాదు. అయితే అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో తెచ్చిన నిర్ధారణ గ్రంథం ఆటిజం ఉన్నవాళ్లకి ఏడీహెచ్‌డీ అని కూడా రాయడాన్ని ఒప్పుకోలేదు. 2013లో వచ్చిన అయిదో కూర్పు ఆ అడ్డు తీసేసింది. అంతకుముందు చదువుకున్న డాక్టర్లు ఒక పేరు రాసి ఊరుకోవడం వెనక ఈ చరిత్ర ఉంది.

ఇంకో చరిత్ర కూడా ఉంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అనే మాట వైద్యంలో స్థిరపడింది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది బాగా చదువుకున్నవాళ్లు. దాంతో ఇది చదువుకున్న వాళ్లిళ్లలో వచ్చే జబ్బు అనే అభిప్రాయం దశాబ్దాల పాటు నడిచింది. తల్లుల మనసు చల్లబడడమే కారణమని వాళ్ల మీద నింద కూడా వేశారు. నిజానికి జరిగిందేమిటంటే, ఆ వైద్యుడి గడప దాకా రాగలిగిన వాళ్లని మాత్రమే లెక్కపెట్టారు. రాలేని వాళ్ల పిల్లలు లెక్కలోకే రాలేదు.

2002లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్న పిల్లల్నే చూశారు. తెల్లపిల్లలకి ఆటిజం అని తేలిన సగటు వయసు 6.3 ఏళ్లు, నల్లపిల్లలకి 7.9 ఏళ్లు. నగరం ఒకటే, బీమా ఒకటే, రంగు వేరు. 2007లో వచ్చిన మరో అధ్యయనం, నల్లపిల్లలకి మొదటిసారే ఆటిజం అని రాయడం తక్కువనీ, సర్దుకుపోలేకపోవడం, ప్రవర్తన లోపం లాంటి పేర్లు పడుతున్నాయనీ చూపించింది. అక్కడ రంగు చేసిన పని ఇక్కడ కులం చేస్తోందని మేము లెక్కలతో చెప్పడం లేదు, మా బతుకుతో చెబుతున్నాం. మా వాడికి మొదట పడిన పేరు కూడా జబ్బు పేరు కాదు, తిట్టు.

మందు చేసే పని, చేయని పని

మొదట తెలుసుకోవాల్సింది ఇది. ఆటిజానికి మందు లేదు. మాట రాని పిల్లవాడికి మాట తెప్పించే బిళ్ల, చూపు కలిపించే సిరప్పు ఇంతవరకు రాలేదు. అలా అని అమ్మేవాళ్లు మోసం చేస్తున్నట్టే. మందు పనిచేసేది పక్కనున్న ఇబ్బందుల మీద. ఏడీహెచ్‌డీ వల్ల వచ్చే నిలకడలేమి మీద, తనను తాను కొట్టుకునేంత, ఎదుటివాళ్లని కొరికేంత ఉద్రేకం మీద, పట్టని నిద్ర మీద. మిగిలిందంతా నేర్పే మనుషులు, ఓపిక పట్టే బడి, సర్దుకునే ఇల్లు చేయాల్సిన పని. మందు వల్ల పిల్లవాడు నేర్చుకోవడానికి కాస్త వీలు దొరుకుతుంది. నేర్పేవాళ్లు లేకపోతే ఆ వీలు వృథా.

మొదటి మందు: నిద్రపోతున్నాడు కాబట్టి బాగున్నాడు

మా వాడు బడిలో ఇంకో పిల్లవాణ్ని కొరికాడు. గొడవైంది. ఆసుపత్రికి తీసుకెళితే అయిదు నిమిషాల్లో చూసి రిస్పెరిడోన్ రాశారు. ఆటిజం ఉన్న పిల్లల్లో తీవ్రమైన ఉద్రేకానికి ఈ మందు వాడొచ్చని అమెరికాలో 2006లో అనుమతి ఇచ్చారు. దానికి ముందు 2002లో 101 మంది పిల్లల మీద ఎనిమిది వారాల పరీక్ష జరిగింది. మందు తీసుకున్నవాళ్లలో 69 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి బిళ్ల తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికే. మా వాడికీ గుణం కనిపించింది. రెండు వారాల్లో కొరకడం ఆగింది. మేలు జరగలేదంటే అబద్ధమవుతుంది.

కాని అదే పరీక్షలో మందు తీసుకున్న పిల్లలు ఎనిమిది వారాల్లో సగటున 2.7 కిలోలు పెరిగారు, మిగిలినవాళ్లు 0.8 కిలో. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. వాడు గిన్నె ముందు నుంచి లేచేవాడు కాదు. చూసినవాళ్లు "ఒళ్లు చేశాడు, బాగున్నాడు" అన్నారు. తిండికి లేక చిక్కిన తరాలు మనవి కాబట్టి పిల్లవాడు లావైతే సంతోషమే వేస్తుంది మనకి. ఈ మందు వాడేటప్పుడు బరువు, నడుము చుట్టుకొలత, రక్తంలో చక్కెర, కొవ్వు ఎప్పటికప్పుడు చూడాలి. నోరు, నాలుక, చేతులు తమంతట తాము కదులుతున్నాయేమో గమనించాలి. ఇవన్నీ చూడమని అడిగే హక్కు మనకుంది.

మమ్మల్ని ఎక్కువ కదిలించింది వేరే. బడిలో మాస్టారు చాలా సంతోషంగా చెప్పారు: "ఇప్పుడేం ఇబ్బంది లేదండీ, బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్నాడు." బడి దృష్టిలో జబ్బు నయమైపోయింది. ఒక్క అక్షరం నేర్చుకోకపోయినా ఫరవాలేదు, వాడి వల్ల గొడవ లేదు గదా. మన పిల్లలు తరగతిలో చివర నిశ్శబ్దంగా కూర్చోవాలనే కోరిక ఈ దేశంలో కొత్తది కాదు. దానికోసం ఇప్పుడు బిళ్ల కూడా వచ్చింది. మందు ఎవరి కోసం, పిల్లవాడి కోసమా, బడి సౌకర్యం కోసమా? ఈ ప్రశ్న మేము ఆరోజు నుంచి ప్రతి మందు దగ్గరా వేసుకుంటున్నాం.

రెండో మందు: సాయంత్రం, అన్నం

వేరే డాక్టరు ఓపికగా విన్నారు. కొరకడం వెనక ఉద్రేకం కన్నా నిలకడలేమి, బడి గోల ఎక్కువ ఉన్నాయన్నారు. రిస్పెరిడోన్‌ని వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ తీసేశారు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ మందుని గాని, కొందరు పిల్లలకి నిద్ర కోసం, ఉద్రేకం కోసం ఇచ్చే క్లోనిడిన్‌ని గాని ఒక్కసారిగా ఆపకూడదు. క్లోనిడిన్ హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఎగబాకుతుంది. డబ్బుల్లేకో, బస్సు దొరక్కో చీటీ అయిపోయిన రోజున మందు ఆగిపోవడం మన ఇళ్లలో మామూలు. అందుకే చివరి పది రోజుల మందు మిగిలుండగానే ఆసుపత్రికి వెళ్లాలని మేము నియమం పెట్టుకున్నాం.

తర్వాత మిథైల్‌ఫెనిడేట్ మొదలైంది. ఏడీహెచ్‌డీకి చాలాకాలంగా వాడుతున్న మందు. మామూలు బిళ్ల నాలుగు గంటల సేపు పనిచేస్తుంది, నెమ్మదిగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. ఆ రెండో రకాన్ని నూరి ఇవ్వకూడదు. నూరితే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లో దిగుతుంది. మొదలుపెట్టే ముందు గుండె జబ్బుల సంగతి అడగాలి, నాడి, రక్తపోటు, ఎత్తు, బరువు రాసుకోవాలి, ఆ తర్వాత కూడా చూస్తూ ఉండాలి.

మొదటి వారంలోనే వాడు పలక ముందు పావుగంట కూర్చున్నాడు. మాకు ఏడుపొచ్చింది. మోతాదు పెంచాక మాత్రం వాడు మారిపోయాడు. నవ్వడం మానేశాడు, గోళ్లు కొరుక్కుంటూ మూల కూర్చునేవాడు. సాయంత్రం మందు దిగిపోయే వేళకి గంటసేపు ఆపలేని ఏడుపు. ఆటిజం లేని ఏడీహెచ్‌డీ పిల్లల్లో ఈ మందు చాలామందికి పనిచేస్తుంది. రెండూ ఉన్న పిల్లల్లో అంతగా కాదు. 2005లో 72 మంది మీద చేసిన పరీక్షలో సగంమందికే గుణం కనిపించింది, 18 శాతం మంది ఇబ్బందుల వల్ల మానేయాల్సివచ్చింది. కాబట్టి పక్కింటి పిల్లవాడికి పనిచేసింది గదా, వీడికెందుకు పనిచేయదు అని బాధపడక్కర్లేదు. చిన్న మోతాదుతో, మెల్లగా పోవాలి.

అన్నం సంగతి వేరే చెప్పాలి. ఈ మందు పొద్దున వేస్తే మధ్యాహ్నం ఆకలి చస్తుంది. కలిగినవాళ్లింట్లో సాయంత్రం పాలు, పళ్లు ఇచ్చి సరిదిద్దుకుంటారు. మన పిల్లల్లో చాలామందికి బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమే ఆ రోజుకి పెద్ద తిండి. గుడ్డు ఆ పూటే ఉంటుంది. సరిగ్గా ఆ పూటే ఆకలి ఉండదు. మందు చీటీ రాసే చోట ఈ సంగతి ఎవరికీ తట్టదు, మనమే చెప్పాలి. మేము మందుకి ముందే కడుపునిండా అన్నం పెట్టడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం గుడ్డుని డబ్బాలో ఇంటికి పంపమని వంట చేసే అక్కని బతిమాలాం. రాత్రి ఎనిమిదికి ఆకలి తిరిగొచ్చాక రెండోసారి పెట్టాం. నెలకోసారి అంగన్‌వాడీ కాటా మీద తూచాం.

క్యాలెండరు

మందు గుణాన్ని ఎలా కొలవాలి? డాక్టరు "ఎలా ఉన్నాడు?" అంటే "కొంచెం నయమండీ" అని వచ్చేస్తాం. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మా ఇంట్లో రోజంతా పిల్లవాడితో ఉండేది నాయనమ్మ. చదువుకోలేదు. అంబేడ్కర్ బొమ్మ ఉన్న గోడ క్యాలెండరులో ఆమె తన గుర్తులు తాను పెట్టింది. నిద్రపోని రాత్రికి సున్నా, ఏడ్చిన సాయంత్రానికి గీత, అన్నం వదిలేస్తే చుక్క. జ్వరం వచ్చినా, పండగ అయినా, బడికి సెలవులైనా మేము పక్కన రాసేవాళ్లం. ఎందుకంటే పిల్లవాడి తేడా ప్రతిదీ మందు వల్లే కాదు. రెండో నెల ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరు ముందు పరిస్తే, మోతాదు పెంచిన తేదీ నుంచే గీతలు మొదలైన సంగతి ఆయనే చూసి తగ్గించారు. ఒకేసారి రెండు మందులు మార్చవద్దని కూడా అప్పుడే నేర్చుకున్నాం. రెండూ మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు.

మూడో మందు: దుకాణం మార్చిన చీటీ

చిన్న మోతాదులో మిథైల్‌ఫెనిడేట్ మా వాడికి సరిపోయింది. అయినా కొనసాగలేదు. మన దేశంలో అది షెడ్యూల్ ఎక్స్ మందు. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో ఎక్స్ఆర్ఎక్స్ అని ఉంటుంది. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి దుకాణం వాళ్లు రెండేళ్లు దాచాలి. అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. దుర్వినియోగం కాకుండా పెట్టిన నియమాలివి, తప్పనడం లేదు. ఫలితం మాత్రం ఇదీ: మా చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ దొరకదు, పట్నంలో ఒకటి రెండు దుకాణాల్లోనే ఉంటుంది. ఒక దుకాణంలో చీటీ చూసి, మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి, "ఇది మత్తు మందు, నిజంగా పిల్లాడికేనా?" అన్నారు. మాతో పాటు క్యూలో నిలబడ్డ ఇంకొకరిని ఆ ప్రశ్న అడగలేదు. తర్వాత రెండుసార్లు సరుకు లేదన్నారు. వెళ్లినప్పుడల్లా ఒక రోజు జీతం, బస్సు చార్జీలు పోయాయి.

చివరికి డాక్టరు అటమాక్సెటిన్‌కి మార్చారు. ఇది షెడ్యూల్ ఎక్స్‌లో లేదు, మామూలు చీటీ మీద దొరుకుతుంది. అంటే మా పిల్లవాడి మందు మార్చింది వాడి ఒళ్లు కాదు, దుకాణంలో లేని సరుకు. ఈ మందు ఆ రోజుకారోజు పనిచేసేది కాదు. పూర్తి గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పడం, మగత ఉంటాయి. కళ్లు పచ్చబడితే వెంటనే చూపించాలి. పిల్లవాడు దిగులుగా మారినా, చచ్చిపోతానని మాట్లాడినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. గొట్టం విప్పి పొడి ఇవ్వకూడదు. మింగడం రాని వాడికి సోంపు మిఠాయి గింజతో మొదలుపెట్టి, నిటారుగా కూర్చోబెట్టి, నీళ్లతో మింగడం నేర్పడానికి మాకు మూడు వారాలు పట్టింది. నాలుగో వారం దాకా ఏ గుణమూ లేదు. ఆ నెలరోజులు బడి నుంచి రోజూ ఫిర్యాదే. చాలామంది ఇక్కడే మానేస్తారు. ఏం జరుగుతుందో ముందే బడికి చెప్పి ఉంచితే ఆ నెల గడుస్తుంది.

హాస్టలు గది, చట్టం పుస్తకం

మా పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఇదంతా చేయగలిగాం. కూలికి వలస పోయే తల్లిదండ్రులు పిల్లల్ని సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో వదిలి వెళ్లాలి. అక్కడ పొద్దున ఏడింటికి బిళ్ల ఎవరు వేస్తారు? తాళం వేసిన పెట్టెలో ఎవరు దాస్తారు? అన్నం తినకపోతే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకి జవాబు లేని హాస్టలు ఇలాంటి పిల్లవాణ్ని రెండు నెలల్లో ఇంటికి పంపేస్తుంది. రికార్డులో బడి మానేశాడని రాస్తారు. బడే వాణ్ని మానేసిందని రాయరు.

చట్టం కొంత మారింది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో చోటు దొరికింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో లేదు. అందుకే రెండూ ఉన్నవాళ్లు ఆటిజం నిర్ధారణని చీటీలో స్పష్టంగా రాయించుకోవాలి. 40 అంశాల భారతీయ ఆటిజం కొలమానంతో వైకల్య శాతం లెక్కిస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకి, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువుకి దారి దొరుకుతుంది. పింఛనుని తెలంగాణలో 2023లో 4,016 రూపాయలకి, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలకి పెంచారు. సదరం క్యాంపు రోజున పిల్లవాడు కుదురుగా కనిపించకూడదని మందు ఆపి తీసుకెళ్లమనే సలహాలు వాడలో వినిపిస్తాయి. ఆ పని చేయొద్దు. మందు లేనప్పుడు ఎలా ఉండేవాడో డాక్టరు రాసిన కాగితం, ఇంట్లో రాసుకున్న గుర్తులు తీసుకెళ్లండి.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షను ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి కమ్యూనిటీ హెల్త్ సెంటరు నుంచి పైన ఉన్న సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వాలి. మందు లేదన్నప్పుడు ఆ మాటనే కాగితం మీద రాసివ్వమని అడగడం సంఘాలు చేయగలిగిన పని. 14416 నంబరుకి ఫోను చేస్తే టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

రెండు వాదనలు

మనలో కొందరు మిత్రులు "ఇవన్నీ కంపెనీలు అమ్ముకునే జబ్బులు, మన పిల్లల్ని మత్తులో ఉంచే కుట్ర" అంటారు. బల్ల మీద నిద్రపోయిన మా వాణ్ని చూశాం కాబట్టి ఆ అనుమానాన్ని కొట్టిపారేయం. కాని పలక ముందు పావుగంట కూర్చున్న వాణ్ని కూడా చూశాం. మందు వద్దనే మాట కలిగినవాళ్లకి సులువు. వాళ్లకి ఇంటికొచ్చి నేర్పే టీచరు ఉంటుంది. ఇంకొందరు ప్రార్థన చాలంటారు, తాయెత్తు కట్టమంటారు. ప్రార్థన మనసుకి బలమిస్తే మంచిదే, మందు ఆపమన్నప్పుడు మాత్రం ఒప్పుకోవద్దు.

మేము కోరేది కుదురైన పిల్లవాణ్ని కాదు, నేర్చుకునే పిల్లవాణ్ని. టీచర్లు చేయాల్సింది పెద్దదేమీ కాదు. గంటకి దూరంగా, గోడ పక్కన చోటు ఇవ్వండి. చెప్పే పని ఒక్కొక్కటిగా చెప్పండి. మందు మారిందని తల్లి చెబితే నెలరోజులు ఫిర్యాదు ఆపి, చూసింది రాసివ్వండి. విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగింది మరొకటుంది. ఆసుపత్రి రోజున కూలికి పోవాల్సిన తల్లి పక్కన ఒకరు తోడు వెళ్లండి, ఇంగ్లీషు కాగితం చదివి పెట్టండి.

మా వాడు మొన్న బడి గంట మోగగానే చెవులు మూసుకున్నాడు, కాని పరుగెత్తలేదు. గోడ పక్కన నిలబడి గంట ఆగేదాకా లెక్కపెట్టాడట. అది మందు వల్లా, మాస్టారు చోటు మార్చడం వల్లా అని అడిగితే మేము చెప్పలేం. ఆ రోజు క్యాలెండరులో నాయనమ్మ ఏ గుర్తూ పెట్టలేదు. మంచి రోజుకి గుర్తు ఏదో ఆమె ఇంకా అనుకోలేదు.